మూడో పేజీలో మిగిలిపోయిన మేటర్

డీటీపీ సెంటర్లలో ఇప్పుడు పనిచేసే పిల్లలు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ఇన్నేళ్లలో మీరు చేసిన పెద్ద తప్పేదక్కా అని. ఒక పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట మామగారి పేరు పడిన సంగతి చెప్పి నవ్విస్తుంటాను. అది జరిగిన మాట నిజమే గానీ పెద్ద తప్పు అది కాదు. పెద్దది ఇది. ఇందులో ఎవరి పేరూ చెప్పను. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు మదనపల్లె బజారులో నాకు ఇంకా ఎదురుపడుతుంటారు.

నేను మదనపల్లెలో ఒక చిన్న ప్రెస్సులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరస కట్టే రోజుల్లో చేరి, కంప్యూటర్ మీద పేజీలు కట్టి మానేశాను. టమాటా మండీల బిల్లు పుస్తకాలు, పెళ్లి పత్రికలు, బడుల ప్రోగ్రెస్ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు, అదీ మా పని. ఓనరు మంచివాడు, భయస్తుడు. ఎవరితోనూ మాట పెంచుకునేవాడు కాదు. మెషిన్ నడిపే పెద్దాయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తిరగబడిన సీసం అక్షరాలను దినపత్రిక చదివినంత సులువుగా చదివేవాడు. మాట మాత్రం తక్కువ.

మా ప్రెస్సులోనే ఒక వారపత్రిక అచ్చయ్యేది. నాలుగే పేజీలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్టాండ్లలో కిళ్లీ బంకులకు వేలాడేది. దాని ఎడిటరు పుంగనూరు మనిషి. యాభై దాటినవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెత్తటి గొంతు. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆయన రాసి తెచ్చే కాగితాల్లో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. నేను టైపు చేసినదాంట్లో ఒక దీర్ఘం తప్పినా నొచ్చుకునేవాడు.

"అక్షరానికి మర్యాద ఇయ్యాలమ్మా" అనేవాడు.

మంగళవారం మేటర్ తెచ్చేవాడు. నేను టైపు చేసి పేజీ కట్టేదాన్ని. మూడో పేజీకి మాత్రం ఒక ప్రూఫ్ తీయమని అడిగి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని పోయేవాడు. బుధవారం సాయంత్రం తిరిగొచ్చి, "మూడో పేజీలో ఆ మేటర్ తీసెయ్యమ్మా, ఆ జాగాలో ఈ ప్రకటన పెట్టు" అనేవాడు. గురువారం అచ్చు. శుక్రవారం పొద్దున కట్టలు బస్సెక్కేవి.

మొదటిసారి నాకేమీ అర్థం కాలేదు. సదుం దగ్గర భూములున్న ఒక పెద్ద రైతు రాత్రికి రాత్రి సర్వే రాయి జరిపి, తమ్ముడి పొలం కలుపుకున్నాడని మేటర్. మర్నాడు దాని జాగాలో అదే రైతు ఫొటోతో ప్రజలందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఉగాది పోయి అప్పటికి రెండు నెలలు.

"సార్, ఉగాది అయిపోయింది కదా" అన్నాను.

"శుభాకాంక్షలకు కాలం ఏముందమ్మా" అన్నాడు ఆయన.

రెండోసారి పుంగనూరులో ఒక నూనె వ్యాపారి. మూడోసారికి నాకు విషయం తెలిసిపోయింది. ఆ రోజు ఎడిటరు బయటికి పోయాక మెషిన్ పెద్దాయన చేతులకంటిన ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"మనం అచ్చేసేదాంట్లో ఏముండాది అమ్మా. అచ్చెయ్యంది ఉండాదే, అదీ ఆ యప్ప యాపారం" అన్నాడు.

అప్పుడు నేను ఏదో ఒకటి చేసి ఉండాలి. ఏమీ చేయలేదు. ఓనరుతో ఒకసారి అన్నాను. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూసి, "మనకెందుకమ్మా, ఆయన మేటర్ ఆయనది, మన పని మనది" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలి. రాసేది నేను కాదు, బెదిరించేది నేను కాదు, నేను టైపు చేస్తాను, అంతే అనుకున్నాను. అలా రెండేళ్లు అనుకున్నాను. ఎవరిదైనా పెద్ద ఫొటోతో శుభాకాంక్షలు కనిపిస్తే ఆ మనిషి ఆ రాత్రి నిద్రపోయాడో లేదో అని ఒక్క నిమిషం అనిపించేది. ఆ నిమిషం కాస్తా గడిచిపోయేది.

ఆ రెండో ఏడు ఒక హెడ్‌మిస్ట్రెస్ మీద మేటర్ వచ్చింది. కుప్పం దాటి గుడుపల్లె వైపు ఒక పల్లెలో హైస్కూలు ఆమెది. ఇంకో ఏడాదికి రిటైరయ్యే మనిషి. ఇరవై రెండేళ్ల కిందట, పదో తరగతి పరీక్షలో కాపలాకు కూర్చున్న ఆమె ఒక అమ్మాయి లెక్కల పేపరులో రెండు లెక్కలు తన చేత్తో రాసిచ్చిందని అందులో ఉంది. పైన "పరీక్ష రాసింది టీచరమ్మే" అని మకుటం. కింద చివరి వాక్యం: ఆ విద్యార్థిని ఇప్పుడు ఏ ప్రభుత్వ ఉద్యోగంలో ఉందో వచ్చే వారం.

మిగతావాళ్ల మేటర్లు ఒకసారి ప్రూఫ్ తీస్తే అయిపోయేవి. ఈమెది అలా కాలేదు. నెలకొకసారి, "ఆ టీచరమ్మ మేటర్ ఉంటాది కదా, ఇంకొక ప్రూఫ్ తియ్యి" అని అడిగేవాడు. నాలుగు నెలల్లో నాలుగు ప్రకటనలు వచ్చాయి. పూర్వ విద్యార్థులకు అభినందనలు, గ్రామ ప్రజలకు శుభాకాంక్షలు, అలాంటివి.

ఐదో నెలలో ఆమె స్వయంగా ప్రెస్సుకొచ్చింది. బుధవారం మధ్యాహ్నం. సన్నటి మనిషి, నేత చీర, చేతిలో గుడ్డ సంచి. కుప్పం నుంచి మూడున్నర గంటలు బస్సులో వచ్చిందట. ప్రకటన కాగితం నేరుగా ప్రెస్సులోనే ఇమ్మని ఎడిటరు చెప్పాడంది. ఆమెను అంత దూరం రప్పించడం కూడా ఆయన పద్ధతిలో భాగమేనని నాకు తరవాత తోచింది.

అప్పుడు నా కంప్యూటర్ మీద ఆమె మేటరే ఉంది. మూడో పేజీ తెరిచి పెట్టుకుని ఉన్నాను. ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చోగానే చప్పున దాన్ని మూసేయబోయాను. అప్పటికే ఆమె చూసింది. మకుటం అక్షరాలు అరంగుళం ఎత్తున ఉంటాయి, చూడకుండా ఎలా ఉంటుంది.



"అన్నీ నువ్వే టైపు చేస్తావామ్మా" అని అడిగింది.

"అవును మేడం."

"బాగుండాది. తప్పులు ల్యాకుండా చేస్తాండావు."

ఆ మాట తిట్టు కాదు, వెటకారమూ కాదు. బడి పిల్లల నోటు పుస్తకం చూసి చెప్పినట్టు చెప్పింది. నాకు తల ఎత్తడం చేతకాలేదు. ఆమె ఇచ్చిన శుభాకాంక్షలు టైపు చేశాను. ఒకసారి చదివి, సరే అని, బస్సుకు వేళయిందని లేచిపోయింది. మంచినీళ్లు కూడా అడగలేదు. నేను ఇవ్వనూ లేదు.

మర్నాడు గురువారం. మా చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంది, మధ్యాహ్నం అక్కడ భోజనాలు. పదకొండింటికల్లా బయటపడాలని నా తొందర. అప్పట్లో పేజీని పారదర్శకంగా ఉండే బటర్ పేపరు మీద ప్రింటు తీసి, దాన్నుంచి అచ్చు ప్లేటు చేసేవాళ్లు. నా దగ్గర మూడో పేజీకి రెండు ఫైళ్లున్నాయి. ఒకదాంట్లో మేటర్, ఒకదాంట్లో ప్రకటన. ఒకసారి కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ వేసి, ఫైలు తెరిచి, ప్రింటు తీసి, ప్లేటుకు ఇచ్చేసి, ఆటో ఎక్కాను. ఏ ఫైలు తెరిచానో చూసుకోలేదు. అంతకంటే వివరం లేదు. చెల్లెలింట్లో పాయసం రెండుసార్లు వడ్డించుకున్నానని మాత్రం గుర్తుంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ప్రెస్సుకొచ్చి, ఆఫీసు కాపీ ఫైలులో పెడదామని పత్రిక విప్పాను. మూడో పేజీలో ప్రకటన లేదు. "పరీక్ష రాసింది టీచరమ్మే."

మదనపల్లె కట్ట ఇంకా ప్రెస్సులోనే ఉంది. పుంగనూరు, కుప్పం కట్టలు ఏడింటి బస్సులో పోయాయి. నేను ఓనరు ముందు ఆ పేజీ పెట్టాను. ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇంకా మేం ఒక మాటా అనుకోకముందే, తన కాపీల కోసం ఎడిటరు వచ్చాడు.

ఆయన నిలబడే చదివాడు. చివరి దాకా చదివి, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బస్సు పొయ్యిందా?"

"ఏడింటికే పోయింది సార్."

"కారులో కూచో" అన్నాడు.

ఓనరు నేల వైపు చూస్తున్నాడు. మెషిన్ పెద్దాయన మెషిన్ పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను వెళ్లి కారు వెనక సీటులో కూర్చున్నాను.

పుంగనూరు దాకా ఆయన కారు వేగంగా నడుపుతున్నా హారను కొట్టడం లేదు. బస్టాండులో బంకాయన టీ తాగుతున్నాడు. కట్ట తాడు కూడా విప్పకుండా స్టూలు కింద ఉంది. ఎడిటరు దాన్ని తెచ్చి నా పక్కన పడేశాడు. నాకు ఊపిరి అందింది. ఇక కుప్పం కట్ట ఒక్కటే.

ఊరు దాటాక మొదలుపెట్టాడు.

"ఎంత పని చేసినావో తెలుసామ్మా నీకు?"

"తప్పయిపోయింది సార్. ఆ మేడం ఉద్యోగం..."

"ఆమె సంగతి కాదు నేను చెప్పేది. నా మాట సంగతి. ఇన్నేండ్లలో ఒకరి దగ్గర మాటిచ్చి తప్పినానా నేను? ప్రకటన ఇచ్చినోళ్ల మేటర్ ఒక్కటి బయటికొచ్చిందా? రేపు ఎవరు నమ్ముతారు నన్ను?"

అద్దంలో ఆయన కళ్లు చూశాను. ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. నమ్మకం మీద నడిచే వ్యాపారంలో తన పేరు పోతోందని ఆయన దిగులు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ ఆ వెనక సీటులో నాకు నవ్వు రాలేదు. రెండేళ్లుగా నేను పనిచేసింది ఎవరికో అప్పుడు తెలిసినట్టయింది.

పలమనేరు దాటాక ఒక చెట్టు నీడన కారాపి, జేబులోంచి తెల్లకాగితం తీశాడు. స్టీరింగు మీదే పెట్టుకుని, ఎప్పటిలా ఒక్క కొట్టివేత లేకుండా రాసి, నా చేతికిచ్చాడు. ఆ వార్త అబద్ధమనీ, నమూనా కోసం నేనే కల్పించి టైపు చేసి పొరపాటున అచ్చుకు పంపాననీ, పత్రికకు సంబంధం లేదనీ అందులో ఉంది. కింద నా పేరు, ప్రెస్సు పేరు.

"సంతకం పెట్టు. వచ్చే వారం మొదటి పేజీలో వేస్తా. ఆ మేడం బయటపడతాది. నేనూ బయటపడతా. నీ ఉద్యోగం పోతే పోతాది, ఇంకోచోట చూపిస్తా."

పెన్ను కూడా ఇచ్చాడు. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. పెడితే ఆమె బయటపడుతుంది, అందులో అబద్ధం లేదు. నా తప్పుకు నాకే శిక్ష పడినట్టూ అవుతుంది. కానీ పెడితే, వచ్చే మంగళవారం ఆయన ఇంకొక మేటర్ రాసుకుని ఇంకొక ప్రెస్సుకు పోతాడు. ఆమెనూ వదలడు, నెలనెలా ప్రూఫ్ తీయిస్తూనే ఉంటాడు. ఏది మంచిదో తేల్చుకునే తెలివి నాకు లేదు.

"మేడంను అడిగి పెడతాను సార్" అన్నాను.

"ఆమెను అడిగేదేముంది దీంట్లో?"

"ఆమెదే కదా సార్ అంతా."

ఆయన అద్దంలోంచి నన్ను చాలాసేపు చూసి, కారు తీశాడు.

కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. బంకాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"బస్సు ఈ పొద్దు బిరీనే, టైముకన్నా ముందే వచ్చేసె సార్. బంకులో పెట్టేటివి ఇదో ఈడనే ఉండాయి, ఇంగా తగిలించలే. బడులకు పోయేటివి మాత్రం పదిన్నర బస్సుకే పంపిస్తి. మీరే కదా సార్, బడులకు లేటు కాగూడదని చెప్పింది."

ఎడిటరు మళ్లీ కారెక్కాడు. చుట్టుపక్కల బడులన్నిటి చేతా బలవంతంగా చందా కట్టించింది ఆయనే. ఆ చందా కాపీల్లో ఒకటి ఇప్పుడు ఆమె బడికి పోయింది.

మేం వెళ్లేసరికి బడిలో మధ్యాహ్న భోజనాల గంట కొట్టారు. వరండాలో నలుగురు టీచర్లు ఒక దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. మమ్మల్ని చూసి ఆపేశారు. హెడ్‌మిస్ట్రెస్ గది తలుపు తెరిచే ఉంది. ఆమె తన కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద పత్రిక మూడో పేజీ పైకి వచ్చేలా పరిచి ఉంది. పక్కన ఎర్ర పెన్ను.

"రాండి" అంది. నన్ను చూసి, "కూచోమ్మా" అంది.

ఎడిటరు నిలబడే మొదలుపెట్టాడు. "మేడం, ఇది ప్రెస్సు వాళ్ల పొరపాటు. నేను ఇచ్చిన మాట..."

"దీంట్లో రెండు తప్పులుండాయి" అంది ఆమె.

ఎర్ర పెన్ను కొసతో పత్రిక మీద చూపించింది.

"నేను రాసింది రెండు లెక్కలు కాదు, ఒగటే. ఇంగొగటి, ఆ పిల్లకు రాక నేనే లెక్క చేసి రాసినట్ల ఉండాది ఈడ. అది తప్పు. ముందు దినం రాత్రి వాళ్ల నాయన, పరీక్షకు పొయ్యేది లేదని ఆ పిల్ల సేతి మింద కట్టెతో కొట్టినాడు. పెండ్లి చేసేయల్లని వాళ్లకు. వాసిన సేత్తోనే వచ్చి కూచున్నింది. మూడు గంటల్లో మూడొంతులు రాసింది. ఇంగ వేళ్లు మడవలేకపాయ. ఆఖరు లెక్క ఆ పిల్ల మెల్లగా నోటితో చెప్పింది, నేను రాసినా. అంతే జరిగింది."

ఆయన ముఖం చూశాను. తిట్టి ఉంటే తట్టుకునేవాడే. తన అక్షరంలో తప్పుందనేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"మేడం, అదంతా ఇప్పుడు అక్కర్లేదు" అన్నాడు. "వచ్చే వారం సవరణ వేస్తాను. ఇదంతా కల్పన అని ఈమె రాసిస్తాది. కాగితం సిద్ధంగా ఉంది. సంతకమే తక్కువ."

ఆమె నా వైపు తిరిగింది. "పెడతావా?"

"మిమ్మల్ని అడిగి పెడదామని వచ్చినా మేడం. మీరు పెట్టమంటే పెడతా."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు.

"వద్దు" అంది. "ఇది వచ్చి అర్ధగంట అయింది. ఫస్టు సదివినప్పుడు కండ్లు తిరిగినాయి. తరవాత సూస్తే, ఈ అయిదు నెలల్లో నేను ఫోను మోగితే ఉలిక్కిపడకుండా కూచున్నింది ఈ అర్ధగంటే. సవరణ వేసేస్తే మళ్లా మొదుటికొస్తాది. నాకొద్దు. జరిగింది జరిగినట్ల పై ఆఫీసుకు నేనే రాస్తా."

ఎడిటరు గొంతు ఇంకా మెత్తబడింది. "ఆ పిల్ల పేరు నాకు తెలుసు మేడం. ఇప్పుడు ఉద్యోగం చేస్తాండాది. మీరు తొందరపడితే..."

"తెలుసు గదా. రాసుకో" అంది ఆమె. "నేను నీకిచ్చిన ప్రకటనలు నీ పేపర్లోనే అచ్చయి ఉండాయి. నాలుగు. అయిదోది మొన్న ఇచ్చినా. బడికి ఆ దినాల్లో పండగా లేదు, పబ్బమూ లేదు. నేను యాల ఇచ్చినానో పోలీసోళ్లు అడిగితే నువ్వేం చెప్తావు?"

ఆయన, ప్రకటన ఇచ్చినవాళ్లు ఎవరైనా అభిమానంతోనే ఇచ్చారని చెబుతానన్నాడు. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు.

"తీసేసిన మేటర్లన్నీ కంప్యూటర్లో ఉండాయి సార్. రెండేండ్లవి. నేను ఏదీ చెరపలేదు. దేని జాగాలో ఏ ప్రకటన వచ్చిందో పక్కపక్కనే ఉండాది."

ఫైళ్లు చెరపకపోవడం జాగ్రత్త కాదు, బద్ధకం. కానీ ఆ సంగతి ఆయనకు తెలియదు కదా.

ఎడిటరు నన్ను చూశాడు. తరవాత ఆమెను చూశాడు. నా చేతిలోంచి ఆ సంతకం లేని కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. నన్ను అక్కడే వదిలి వెళ్లాడని అప్పుడు తెలిసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. "తిన్న్యావా?" అని అడిగి, ఒక పళ్లెంలో పిల్లలకు పెట్టే అన్నం, పప్పు, ఒక గుడ్డు తెప్పించింది. నేను తింటుంటే ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని పై ఆఫీసుకు రాయడం మొదలుపెట్టింది. ఆమె రాతలో రెండు చోట్ల కొట్టివేతలు పడ్డాయి.

సాయంత్రం ఆరు దాటాక మదనపల్లె చేరాను. ఓనరు ఇంటికెళ్లిపోయాడు. మెషిన్ పెద్దాయన ఒక్కడే రోలర్లు కడుగుతున్నాడు. జరిగింది చెప్పాను. అంతా విని తల ఊపాడు.

"నేను సూసినాలే" అన్నాడు.

"ఏం చూసినావు?"

"నిన్న. ఇంకు ఎట్ల పడతాందో సూసేకి ఫస్టు షీటు తీస్తా గదా. మూడో పేజీ సదివినా. మేటర్ ఉండాది. మిషను ఆపుదామా అనుకున్నా." గుడ్డ పిండి పక్కన పెట్టాడు. "మళ్లా, ఆ పాప తెలిసే పెట్టింటాది, రెండేండ్లుగా లోపల పెట్టుకోనుండాది, ఇంత ధైర్యం చేస్తే నేను యాల అడ్డంపడల్ల అనుకున్నా. స్విచ్చేసినా. పేపరంతా అచ్చయిపాయ."

నేను నోరు తెరిచాను. కాదు, చెల్లెలింట్లో భోజనాలకని తొందరపడ్డాను అని చెప్పాలి. ఆయన నా వైపు చూస్తున్న తీరు, పొద్దున మెషిన్ పక్కన నిలబడి చూసినదే. ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోలుగా చూసింది ఆ ఒక్క రోజే. చెప్పలేకపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. అదీ చేయలేదు. ఆయన పోయిన రోజున కూడా ఆ అబద్ధం మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

తరవాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. అన్ని కాపీలూ వెనక్కి తెచ్చినా, బడులకు పోయినవి చాలు. డబ్బు కట్టినా అచ్చేస్తున్నాడనే మాట వారంలో మూడు ఊళ్లకూ పాకింది. ఆ తరవాతి బుధవారం శుభాకాంక్షలు చెప్పేవాళ్లు ఒక్కరూ రాలేదు. మా ఓనరు కూడా, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, మెషిన్ రిపేరని చెప్పి ఆయన పని వద్దన్నాడు. పత్రిక రెండు నెలల్లో ఆగిపోయింది. ఆ అమ్మాయి పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఎడిటరు కొన్నాళ్లకు హార్స్లీ హిల్స్‌కు పోయే దారిలో టిఫిను హోటలు పెట్టాడు. ఇడ్లీలు బాగుంటాయనీ, ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోడనీ చెబుతారు. నేను వెళ్లలేదు.

హెడ్‌మిస్ట్రెస్‌కు అంత తేలిగ్గా పోలేదు. విచారణ జరిగింది. జరిగింది జరిగినట్టు ఒప్పుకుంది. ఆ అమ్మాయి పేరు చెప్పమంటే చెప్పలేదు. అందుకే ఎక్కువ కోపమొచ్చిందట పైవాళ్లకు. ఇంక్రిమెంట్లు కోసేశారు. పెన్షన్ వచ్చింది, రావాల్సినంత రాలేదు. రిటైరైన రోజు బడిలో సభ కూడా పెట్టలేదని విన్నాను. ఇవన్నీ నా తొందర వల్ల. మా ప్రెస్సులోనూ బజారులోనూ మాత్రం నేను ధైర్యం చేసి ఒక దుర్మార్గుడి ఆట కట్టించిన మనిషినైపోయాను. పెద్దాయన చెప్పి ఉంటాడు. ఎవరైనా ఆ మాటెత్తితే నేను తల వంచుకునేదాన్ని. వాళ్లు దాన్ని వినయమనుకునేవాళ్లు.

ఆమె రిటైరైన రెండేళ్లకు ఒకరోజు ప్రెస్సుకు వచ్చింది. పల్లె పిల్లల కోసం చిన్న లెక్కల పుస్తకం రాసింది, అచ్చేయించాలి. వచ్చి అదే స్టూలు మీద కూర్చుంది. ఈసారి అడగకముందే మంచినీళ్లిచ్చాను. పుస్తకమంతా నేనే కట్టాను, మూడు వారాలు పట్టింది. ఆఖరి ప్రూఫ్ చూడటానికి ఆమె వచ్చిన రోజు ఇక ఆగలేకపోయాను.

"మేడం, ఒక మాట. ఆ దినం నేను కావాలని చేయలేదు. అందరూ అట్లనే అనుకుంటాండారు. నేను ఫైలు చూసుకోలేదు, అంతే. మీకింత నష్టం చేసి, ఊర్లో మంచిపేరు నేను తీసుకున్నా."

ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని నన్ను చూసింది.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఎట్ల తెలుసు మేడం?"

"కావాలని చేసుంటే, ముందు నన్ను అడిగుండేదానివి."

అది నన్ను క్షమించడమో, మెచ్చుకోవడమో, రెండేళ్లు ఒక్కరినీ అడగకుండా టైపు చేసినందుకు ఇన్నాళ్లకు పెట్టిన చురకో నాకు ఇప్పటికీ తేలలేదు. అడుగుదామనుకునేలోపే ఆమె ఎర్ర పెన్ను తీసి, ప్రూఫ్ మొదటి పేజీ మీదికి వంగింది.